ఉద్యోగం చేస్తూ గణిత డిగ్రీ – 3వ పాఠం: నిరూపణను ఎలా చదవాలి?

పోయిన పాఠంలో ఇంటర్ బీజగణితం మళ్లీ చేతికి వచ్చింది. అడ్మిషన్ వచ్చేదాకా ఆ లెక్కలే చేస్తూ కూర్చోకండి. దూరవిద్యలో చదివే ఇగ్నో బీఎస్సీలో మొదట కాలిక్యులస్, తర్వాత అవకలన సమీకరణాలు వస్తాయి. అంతవరకూ ఇంటర్ పట్టు ఆదుకుంటుంది. మూడో సెమిస్టర్‌లో రియల్ అనాలిసిస్, నాలుగో సెమిస్టర్‌లో ఆల్జీబ్రా మొదలయ్యాక ‘కనుక్కోండి’ అనే ప్రశ్నలు తగ్గి ‘నిరూపించండి’ అనేవి పెరుగుతాయి. చెన్నై అంబత్తూర్‌లో షిఫ్ట్ దిగి వచ్చి రాత్రి పుస్తకం తెరిస్తే పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. అందుకే ఈ అలవాటు ఇప్పుడే చేసుకోవాలి.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఇదీ ప్రవచనం, అంటే మనం నిరూపించాల్సిన వాక్యం: స అనే పూర్ణసంఖ్య వర్గం సరి సంఖ్య అయితే, స కూడా సరి సంఖ్యే.

ముందు కొన్ని సంఖ్యలు వేసి చూడండి. 36 సరి, 6 సరి. 100 సరి, 10 సరి. 49 బేసి, కాబట్టి దాని గురించి ఈ ప్రవచనం ఏమీ చెప్పదు. ఉదాహరణలు ఎన్ని చూసినా నిరూపణ కాదు, కానీ ఏం నిరూపించాలో వాటివల్లే స్పష్టమవుతుంది. తాంబరం–బీచ్ లోకల్‌లో నిలబడి కూడా ఈ పని చేసుకోవచ్చు.

స² = 2క (క ఒక పూర్ణసంఖ్య) అని రాసి వర్గమూలం తీస్తే దారి మూసుకుపోతుంది. అందుకని తిప్పి పట్టుకుందాం: స బేసి అయితే స² బేసి అని చూపిస్తే చాలు. ఎందుకు చాలు? ఈ ప్రశ్న దగ్గర తప్పకుండా ఆగండి. స² సరి అయి, స మాత్రం బేసి అయిందనుకోండి. అప్పుడు స² బేసి కావాలి. ఒకే సంఖ్య సరి, బేసి రెండూ కాలేదు. ఈ పద్ధతినే కాంట్రాపాజిటివ్ అంటారు. ‘స సరి అయితే స² సరి’ అనేది విపర్యయం. అదీ నిజమే, కానీ దాన్ని నిరూపిస్తే మన ప్రశ్నకు జవాబు రాదు, మార్కులూ రావు.

స = 2క + 1 అనుకుంటే,
స² = 4క² + 4క + 1 = 2(2క² + 2క) + 1. ఇది బేసి.

ఇప్పుడు పుస్తకం మూసి, ఎవరికో చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పండి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లిష్ పుస్తకాలంటే టెన్షన్ ఉంటుంది. తర్కాన్నీ భాషనూ ఒకేసారి మొయ్యకండి. తర్కం తెలుగులో కుదిరాక, ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాలుగా రాయండి. 30 శాతం బరువున్న అసైన్‌మెంట్లకైనా, 70 శాతం ఉన్న టర్మ్ ఎండ్ పరీక్షకైనా ఆ రాతే పనికొస్తుంది. ఇంట్లో కుదరకపోతే కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లండి. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం అక్కడ ఉంది.

అసలు పాఠం ఇప్పుడే మొదలవుతుంది. 2 స్థానంలో 4 పెట్టండి: స²ను 4 భాగిస్తే, సను కూడా 4 భాగిస్తుందా? స = 2 తీసుకోండి. వర్గం 4, దాన్ని 4 భాగిస్తుంది. 2ను మాత్రం భాగించదు. ప్రవచనం తప్పు! √2 కరణీయ సంఖ్య (రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది) అనే నిరూపణ మన మొదటి ప్రవచనం మీదే నిలబడుతుంది. అదే నిరూపణను √4కు వాడబోతే సరిగ్గా ఇక్కడ ఆగిపోతుంది, ఆగాలి కూడా, ఎందుకంటే √4 అంటే 2. ఏ నిరూపణ చదివినా ఇలా ఒక సంఖ్య మార్చి, ఎక్కడ విరుగుతుందో వెతకండి. పదిసార్లు బట్టీ పట్టడం కన్నా ఇది మేలని నా గట్టి నమ్మకం.

వచ్చే పాఠంలో ‘ప్రతి’, ‘ఏదో ఒక’ అనే మాటలున్న ప్రవచనాలను ఎలా ఖండించాలో చూద్దాం. ఈలోగా 3తో ఇదే నిరూపణ రాయండి. 3 భాగించని సంఖ్యలు 3క + 1, 3క + 2 అని రెండు రకాలు, రెండూ విడివిడిగా చూడాలి. తర్వాత 6తో ప్రయత్నించండి. నిజమనిపిస్తే నిరూపణ రాయండి, తప్పనిపిస్తే ఒక్క సంఖ్య చూపించండి.