చక్రం లేపి చూడకుండా సస్పెన్షన్ పనికి అవుననొద్దు, కాదనొద్దు

పోయిన ఆదివారం మా బామ్మర్ది రాయచోటిలో పెళ్ళి చూసుకుని కడపకు తిరిగొస్తూ గువ్వలచెరువులో పాలకోవా కోసం కారు ఆపాడు. వెనక సీట్లో మా అత్త, ఇద్దరు పిల్లలు ఉన్నారు. కోవా తీసుకుని, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రోడ్డెక్కబోతుంటే టప్పుమని శబ్దం వచ్చింది. ముందు ఎడమ చక్రం ఫెండర్ కిందికి ఒరిగిపోయింది. బండి ముక్కు నేలకానింది. డ్రైవ్ షాఫ్ట్ ఊడి గేర్ ఆయిల్ రోడ్డు మీద పారింది. నడక వేగంలో ఉన్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకో ఐదు నిమిషాలైతే ఘాట్ దిగుతూ ఉండేవాళ్ళు. ఆ వంపుల్లో ముందొక లారీ, వెనకొక లారీ లేకుండా ఎప్పుడైనా దిగామా?

ఫోన్ వస్తే కడప నుంచి పరిగెత్తాను. చక్రం దగ్గర కూర్చుని టార్చి వేస్తే అంతా కనబడింది. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే కడ్డీ లోయర్ ఆర్మ్, దాన్ని చక్రానికి కలిపేది బాల్ జాయింట్. ఆ జాయింట్ గిన్నెలోంచి గుండు బయటికొచ్చేసింది. దాన్ని కప్పి ఉంచే రబ్బరు తొడుగు, బూటు అంటాం, ఎప్పుడో చిరిగిపోయింది. గ్రీజు జాడ లేదు. లోపల తుప్పూ దుమ్మూ కలిసి ఎర్రగా గట్టిపడి ఉన్నాయి. ఒక్క రోజులో అయ్యేది కాదది.

నా కడుపు రగిలిపోయింది మాత్రం ఇంటికొచ్చాక. మూడు నెలల కింద కంపెనీ సర్వీస్ సెంటర్‌వాళ్ళు ఇచ్చిన ఎస్టిమేట్ కాగితం బయటికి తీశాడు. నాలుగు షాకులు (గుంతల్లో బండి ఎగరకుండా పట్టేవి), స్ట్రట్ (షాకూ స్ప్రింగూ కలిసిన భాగం) మౌంట్లు, లింక్ రాడ్లు, బుష్‌లు (కీళ్ళ దగ్గర ఉండే రబ్బర్లు), లోయర్ ఆర్ములు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), కింద ఏదో కోటింగ్. మొత్తం 38,400 రూపాయలు. ఫోన్‌లో ఆ అంకె వినగానే మావాడు "అంతా దోపిడీ, ఆయిల్ మార్చి ఇచ్చేయండి చాలు" అన్నాడు. మొన్న నేను దగ్గరుండి చూశాను కదా, అందులో చాలా వరకు అవసరం లేని పనులే. వాడి అనుమానం ఊరికే రాలేదు. అయితే లోయర్ ఆర్ముల మాట మాత్రం నిజం. పొట్టుతో పాటు గింజనూ పారేశాడు.

దీనికి తిరగేసిన కథ మా పక్కింటి రిటైర్డ్ సారుది. బండి ముందు భాగంలో టక్ టక్ అని చప్పుడొస్తోందని బండి ఇస్తే, మధ్యాహ్నం ఫోన్ చేసి "సార్, నాలుగు షాకులూ ఆయిల్ లీకు, ఇలాగే తిప్పితే ప్రమాదం" అన్నారు. ఆయన పాపం భయపడి ఫోన్‌లోనే సరే అన్నాడు. బిల్లు 41 వేలు. పాత షాకులు అడిగితే స్క్రాప్‌కి పోయాయన్నారు. బండి ఇంటికొచ్చింది, గేటు ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్ళీ అదే టక్ టక్. చివరికి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక షెడ్డుకు తీసుకుపోతే అరగంటలో ఒక లింక్ రాడ్ మార్చి పంపించారు. చప్పుడు పోయింది.

ఒకరు కాదన్నారు, ఇంకొకరు అవునన్నారు. ఇద్దరూ చేసిన తప్పు ఒక్కటే. బండి పైకి లేచి ఉన్నప్పుడు కింద నిలబడి చూడకుండా ఫోన్‌లో మాట ఇచ్చేశారు. పదిహేడేళ్ళుగా బాడుగ బండ్లు తిప్పుతున్నాను, సస్పెన్షన్ విషయంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళనూ చూశాను, కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళనూ చూశాను. అందరిదీ ఇదే తప్పు. చక్రం లేపి చూడకుండా అవుననొద్దు, కాదనొద్దు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన జిల్లాకు ఈశాన్య వానలు. గుంత నిండా నీళ్ళుంటే లోతు తెలియదు. చిరిగిన బూటులోకి బురదనీళ్ళు పోతే బాల్ జాయింట్ తొందరగా అరిగిపోతుంది. 2021 నవంబర్‌లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పుడు చుట్టుదారుల్లో తిరిగి తిరిగి నా రెండు బండ్లకూ ముందు చక్రాల సస్పెన్షన్ పనంతా చేయించాల్సి వచ్చింది. ఎర్రగుంట్ల, ముద్దనూరు దిక్కు సిమెంటు లారీలు తిరిగే రోడ్ల మీద రోజూ పోయేవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

ఏది ప్రాణానికి, ఏది చెవికి

ఎస్టిమేట్‌లో అన్నీ ఒకే వరసలో ఉంటాయి, అందుకే జనం తికమకపడతారు. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ కొస), వీల్ బేరింగ్, విరిగిన స్ప్రింగ్, పగులు వచ్చిన లోయర్ ఆర్మ్: ఇవి ప్రాణానికి సంబంధించినవి. వీటిలో ఆట, అంటే వదులై ఊగడం, ఉందని తేలితే ఆ బండి రోడ్డెక్కకూడదు. లింక్ రాడ్, స్టెబిలైజర్ బుష్ లాంటివి (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీకి ఉండేవి) ముందు చెవినే బాధపెడతాయి. చిన్న గుంతల్లో నెమ్మదిగా పోతున్నప్పుడు టక్ టక్ అంటాయి. మార్చుకోవాలి గానీ, దాని కోసం ఆ రోజే అప్పు చేయక్కర్లేదు. షాకులు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. మెల్లమెల్లగా చస్తాయి, మనం అలవాటు పడిపోతాం. పూర్తిగా పోతే బ్రేకు కొట్టినప్పుడు బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది, టైరు అక్కడక్కడా గుంతలు పడ్డట్టు అరుగుతుంది.

లిఫ్ట్ కింద నిలబడి అడగాల్సినవి

"అన్నా, ఎక్కడ ఆట ఉందో కదిలించి చూపించు." ఈ ఒక్క మాటకు సిగ్గుపడొద్దు. బండి మీది, డబ్బు మీది.

చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపమనండి. గడియారంలో 12, 6 ఉండే చోట్లు. కదిలితే బాల్ జాయింటో బేరింగో. అప్పుడు ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్ మీద అనుమానం. తరువాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్, స్టీరింగ్ ర్యాక్ సంగతి తెలుస్తుంది. ఊపుతున్నప్పుడు మీ వేలు ఆ జాయింట్ మీద పెట్టండి. కంటికి కనబడని ఆట కూడా వేలికి తెలుస్తుంది. మా బామ్మర్ది ఆ రోజు ఈ రెండు నిమిషాలు అక్కడ నిలబడి ఉంటే సరిపోయేది.

షాకుల లీకు దగ్గర మాత్రం కాస్త ఆగండి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. షాక్ పైభాగంలో పలచగా తడి, దానికంటుకున్న దుమ్ము కనబడితే అది లీకు కాదు, చెమట పట్టినట్టు లెక్క. రాడ్డు పైకీ కిందికీ ఆడాలంటే సీలు దగ్గర ఆ మాత్రం ఆయిల్ ఉండాల్సిందే. కింది దాకా కారి ఉంటే, చుక్కలు పడుతుంటే, అప్పుడు లీకు. అనుమానంగా ఉంటే శుభ్రంగా తుడిపించి ఫోటో తీసుకోండి, నాలుగు రోజులు తిప్పి మళ్ళీ చూడండి. ఒకటి నిజంగా పోయిందనుకోండి, అదే జతలో రెండోదీ మార్చడం న్యాయమే. ముందుది ఒకటి పోతే ముందు రెండూ. వెనకవి ఎందుకో వాళ్ళు చెప్పాలి.

బుష్ మీద పగుళ్ళు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. రబ్బరు పైన సన్నటి గీతలు వయసుతో వస్తాయి. లోపలి ఇనుప గొట్టం నుంచి రబ్బరు విడిపోయిందా, లివర్ పెట్టి ఎత్తితే ఆర్మ్ ఇష్టమొచ్చినట్టు కదులుతోందా అన్నది చూడాలి. ఫోటోలో అది తెలియదు. పైగా ఆ ఫోటో మీ బండిదే అని మీకెవరు చెప్పారు?

"60 వేలు తిరిగింది కదా సార్, మార్చేయాలి" అంటే అది కారణం కాదు. సస్పెన్షన్‌కు కిలోమీటర్ల లెక్క ఉండదు. రిమ్స్ రోడ్డులో తిరిగిన బండీ, క్వారీ దారిలో తిరిగిన బండీ ఒకటా?

ఇంకా కొన్ని వరసగా చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసుకునే కాగితం) మీద రాయించండి: నాకు చూపించకుండా ఏదీ మార్చొద్దు, పాత సామాను నాకు తిరిగి ఇవ్వాలి. వారంటీలో ఊరికే మార్చినవి వాళ్ళే తీసుకుంటారు, డబ్బు కట్టినవి మీవి.

చప్పుడు ఎప్పుడు, ఎక్కడ వస్తుందో మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పి వినిపించండి. సర్వీస్ అడ్వైజర్‌ను కాదు, మెకానిక్‌ను.

టైర్లలో గాలి ముందు సరిచూసుకోండి. గాలి ఎక్కువై బండి ఎగురుతుంటే షాకులు పోయాయనుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఎస్టిమేట్‌లో ఒక్కో వస్తువు ధర వేరు, కూలి వేరు రాయమనండి. "సస్పెన్షన్ కిట్" అని ఒకే గీతలో రాస్తే ఒప్పుకోవద్దు.

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాలకు జీఎస్టీ 18 శాతం. పాత 28 వేసి ఉంటే అక్కడే అడగండి.

లోయర్ ఆర్మ్ మొత్తం మార్చాలా, పాత ఆర్మ్‌లోనే కొత్త బుష్ ఒక్కటి ప్రెస్సులో నొక్కి ఎక్కిస్తే సరిపోతుందా అడగండి. బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసి వచ్చే బండ్లలో అది పోతే మొత్తం మార్చక తప్పదు. అప్పుడు బేరం పెట్టి పాతదానికే అతుకులు వేయించొద్దు.

బుష్ బోల్టులు చివరి బిగింపు చక్రాలు నేలకాని, బండి బరువు వాటి మీద పడ్డాకే. గాలిలో వేలాడుతున్నప్పుడే బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి ఉంటుంది, కొద్ది కాలానికే చినుగుతుంది. కొత్త బుష్ ఆరు నెలల్లో పోయిందంటే చాలాసార్లు ఇదే కథ.

ఆర్మో, స్ట్రటో, టై రాడో మారిస్తే అలైన్‌మెంట్ తప్పదు. ముందు, తరువాత రీడింగుల ప్రింటు తీసుకోండి.

రెండో చోట చూపించేటప్పుడు మొదటివాళ్ళు ఏం చెప్పారో చెప్పొద్దు. కాగితం జేబులోనే ఉంచండి.

బయట చూపిస్తే వారంటీ పోతుందని బెదిరిస్తే, ఏ నిబంధన ప్రకారమో రాసి సంతకం పెట్టమనండి. బయటి మెకానిక్‌లకు విడిభాగాలు, రిపేరు వివరాలు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. వాళ్ళు అప్పీళ్ళకు పోయారు, అది వేరే సంగతి. బయటి షెడ్డులో చూపించుకోవడం నేరమేమీ కాదు.

చూపించుకోవడానికే 500 అడిగితే ఇవ్వండి. ఇచ్చి, చూడండి.

"ప్రమాదం సార్" అన్న మాట వింటే, ఆ మాటే జాబ్ కార్డులో రాయమనండి. నిజంగా ప్రమాదమైతే రాస్తారు. రాసిస్తే ఆ బండిని ఇంటికి నడుపుకుని రావద్దు.

మోసం జరిగిందని తేలితే గొడవపడి ఊరుకోవద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. బిల్లు, ఎస్టిమేట్, పాత సామాను ఉంటేనే మాట నిలబడుతుంది.

ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి దూరొద్దు. స్టాండు లేకుండా అసలే వద్దు.

వానల్లో ఘాట్ ఎక్కబోయేటప్పుడు ముందు చక్రాల వెనక టార్చి వేసి బూట్లు చూడండి. చిరిగి, గ్రీజు బయటికొచ్చి కనబడితే ప్రయాణం ఆపండి.

ఫోన్‌లో సరే అనొద్దు. ఫోన్‌లో వద్దు అని కూడా అనొద్దు. "వస్తున్నాను, లిఫ్ట్ మీదే ఉంచండి" అనండి.

మా బామ్మర్ది బండి నిన్న బయటికొచ్చింది. లోయర్ ఆర్ములు రెండు పక్కలా కొత్తవి, ఎడమ డ్రైవ్ షాఫ్ట్ కొత్తది, అలైన్‌మెంట్ అయింది. షాకులు నాలుగూ పాతవే. ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడిచి చూశాను, పొడిగా ఉన్నాయి.