"కరెంట్ వెంట్" అంటే సరిపోదు: ఇంగ్లిష్ ఫ్రేజల్ వెర్బ్స్ వాడే పద్ధతి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే కుర్రాడు మేనేజర్‌కి వాట్సాప్‌లో ఇలా పెడతాడు: "సార్, కరెంట్ వెంట్. ఐ ఆన్డ్ ద జనరేటర్. డీజిల్ కంప్లీటెడ్." మనకి ఇట్టే అర్థమవుతుంది. ఎందుకంటే ఇది ఇంగ్లిష్ బట్టలు కట్టిన తెలుగు. కరెంటు పోయింది, జనరేటర్ ఆన్ చేశాను, డీజిల్ అయిపోయింది. అదే సంగతి ఇంగ్లిష్ వాళ్లు చెప్పుకునే తీరు వేరు: "ద పవర్ వెంట్ ఆఫ్. వి టర్న్డ్ ఆన్ ద జనరేటర్. వి హావ్ రన్ అవుట్ ఆఫ్ డీజిల్."

మూడు వాక్యాల్లోనూ క్రియ వెనక ఒక చిన్న మాట చేరింది: ఆఫ్, ఆన్, అవుట్. ఇలా క్రియా చిన్న మాటా కలిసి ఒకే అర్థం ఇస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఆ చిన్న మాటని ఇక్కడ తోక అందాం. ఆన్, ఆఫ్ అనేవి తోకలే తప్ప క్రియలు కావు. తెలుగులో "ఆన్ చెయ్యి" అన్నప్పుడు "చెయ్యి" క్రియ పని చేసిపెడుతుంది. ఇంగ్లిష్‌లో ఆ పనికి "టర్న్" గానీ "స్విచ్" గానీ ఉండాలి. అందుకే "ఆన్ ద ఫ్యాన్", "ఆఫ్ ద మోటార్" తప్పు.

"రన్నింగ్ అవుట్ ఆఫ్ డీజిల్" అంటే అయిపోవస్తోంది. "వి హావ్ రన్ అవుట్ ఆఫ్ డీజిల్" అంటే చుక్క లేదు. చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడని వేళ అదే. మొదటి వాక్యం చదివినవాడు డీజిల్ డబ్బా పంపిస్తాడు, రెండోది చదివినవాడు పరిగెడతాడు. "కంప్లీటెడ్" అని పెడితే ఏది చెయ్యాలో తేలదు.

ఇలాంటిదే ఇంకో జత. "పుట్ ఆఫ్" అంటే వాయిదా, "కాల్ ఆఫ్" అంటే రద్దు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే పని, ఎల్లుండికి మారితే "వి పుట్ ఆఫ్ ద హార్వెస్ట్ టిల్ ఫ్రైడే" అనాలి. దానికి "కాల్డ్ ఆఫ్" అని రాస్తే కొనేవాడు ఐస్ బండిని వేరే చెరువుకి తిప్పేస్తాడు.

ఇక అసలు చిక్కు. పరీక్షల గైడ్లలో ఫ్రేజల్ వెర్బ్స్ జాబితాలు పేజీల కొద్దీ ఉంటాయి, అర్థాలు కంఠతా పడతాం. అయినా నోరు తెరిస్తే తప్పు వస్తుంది. కారణం అర్థం తెలియక కాదు, "ఇట్", "దెమ్" లాంటి సర్వనామం ఎక్కడ పెట్టాలో తెలియక. "టర్న్ ఆఫ్ ద మోటార్" అనొచ్చు, "టర్న్ ద మోటార్ ఆఫ్" అనీ అనొచ్చు. కానీ మోటార్ బదులు "ఇట్" వస్తే ఒకటే దారి: "టర్న్ ఇట్ ఆఫ్". "టర్న్ ఆఫ్ ఇట్" అనేది ఇంగ్లిష్ వాళ్ల నోట రాదు. "పిక్ దెమ్ అప్", "ఫిల్ ఇట్ ఇన్", "పుట్ ఇట్ ఆఫ్" అన్నీ ఇదే తీరు. వస్తువు పేరు పొడుగ్గా ఉంటే మాత్రం తోకని ముందే చెప్పేయాలి: "పిక్ అప్ ద లేస్ ఆర్డర్ ఫ్రమ్ ద నరసాపురం యూనిట్". దీన్ని మధ్యలో ఇరికించి "అప్"ని చివరికి తోస్తే వినేవాడు అంతసేపు దానికోసం ఎదురు చూడాలి.

విడదీయకూడనివి కొన్ని ఉన్నాయి. "లుక్ ఆఫ్టర్", "లుక్ ఫర్", "లుక్ ఇంటు", "కమ్ ఎక్రాస్" వెనకే సర్వనామం రావాలి: "లుక్ ఆఫ్టర్ దెమ్". మూడు ముక్కలున్నవి చాలావరకు విడిపోవు: "రన్ అవుట్ ఆఫ్ ఇట్", "పుట్ అప్ విత్ హిమ్", "కీప్ అప్ విత్ దెమ్". ఏది ఏ రకమో తెలియాలంటే నేర్చుకునేవాళ్ల కోసం వేసిన డిక్షనరీ తీసి "సమ్‌థింగ్" అనే మాట ఎక్కడుందో చూడండి. "టర్న్ సమ్‌థింగ్ ఆఫ్" అని ఉంటే విడదీయొచ్చు. "లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ" అని ఉంటే వద్దు. నోట్‌బుక్‌లో కూడా అలాగే రాసుకోండి, "టర్న్ ఆఫ్ = ఆపు" అని కాదు. ఈ ఒక్క అలవాటుతో సగం తప్పులు పోతాయి.

జాబితాని క్రియ వారీగా కాక తోక వారీగా కట్టుకుంటే బాగా గుర్తుంటుంది. "అప్" చాలాచోట్ల పని పూర్తయిందని చెబుతుంది, మన "-ఏయ్", "-పో" లాగ: ఈట్ అప్ అంటే తినేయ్, యూజ్ అప్ అంటే వాడేయ్, డ్రై అప్ అంటే ఎండిపో. "డౌన్" తగ్గడం, ఆగడం: స్లో డౌన్, షట్ డౌన్, బ్రేక్ డౌన్. "ఆన్" కొనసాగడం: క్యారీ ఆన్, గో ఆన్. దీన్ని చట్టంగా పట్టుకోకండి. కరెంటు "వెంట్ ఆఫ్" అంటే పోయింది, అలారం "వెంట్ ఆఫ్" అంటే మోగింది!

వినేటప్పుడు ఇబ్బంది మరోలా ఉంటుంది. ఊనిక, అంటే నొక్కి పలకడం, సాధారణంగా తోక మీద పడుతుంది, మధ్యలో "ఇట్" నలిగిపోతుంది. "పిక్ ఇట్ అప్" చెవికి "పికిటప్"గా, "టర్న్ ఇట్ ఆఫ్" "టర్నిటాఫ్"గా వినబడతాయి. మనం మొదటి మాట నొక్కి తోకని మింగేస్తాం, అవతలివాళ్లకి అర్థం అక్కడే జారిపోతుంది. అదే నామవాచకమైతే ఊనిక ముందుకి వస్తుంది. "ద జనరేటర్ బ్రోక్ డౌన్" అన్నప్పుడు డౌన్ గట్టిగా, "ఎ బ్రేక్‌డౌన్" అన్నప్పుడు బ్రేక్ గట్టిగా. రాతలో క్రియ రెండు ముక్కలు, నామవాచకం చాలావరకు కలిపి ఒకటే. లాగిన్, సెటప్, బ్యాకప్ అన్నిటికీ ఇదే లెక్క. కంప్యూటర్ కంపెనీలే దీన్ని సరిగ్గా పాటించవు, అది వేరే సంగతి.

రాతలో ఫ్రేజల్ వెర్బ్స్ వాడకూడదని కొందరు మాస్టార్లు చెబుతారు. పూర్తిగా నిజం కాదు. "క్యారీ అవుట్", "సెట్ అప్" ప్రభుత్వ నివేదికల్లోనూ ఉంటాయి. సందర్భం చూసుకోవాలంతే. గోదావరి వరదే చూడండి: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరితే రెండో ప్రమాద హెచ్చరిక. ఫోన్‌లో బంధువుకి చెప్పేటప్పుడు "ఇట్ వెంట్ అప్ టు 13.75, నౌ ఇట్స్ గోయింగ్ డౌన్". ఆఫీసు నోట్‌లో "రోజ్ టు", "ఈజ్ రిసీడింగ్". ఫోన్‌లో "రిసీడింగ్" అంటే వార్తలు చదివినట్టుంటుంది.

మర్యాద దగ్గర జాగ్రత్త. మనకి "కూర్చోండి"లో "అండి" చాలు, గోదావరి జిల్లాల్లో అయితే "ఆయ్" ఒకటి అదనం. ఇంగ్లిష్‌లో "సిట్ డౌన్", "హరీ అప్" ఒట్టిగా అంటే కసురుకున్నట్టే. "కుడ్ యు టర్న్ ఇట్ డౌన్ ఎ బిట్?" అని ప్రశ్నగా అడగాలి.

ఇక తరచూ దొర్లేవి. బస్సు దిగడం "గెట్ డౌన్" కాదు, "గెట్ ఆఫ్". లోపల నిలబడి నడవగలిగే పెద్ద వాహనానికి గెట్ ఆన్, గెట్ ఆఫ్. అందుకే నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పెద్ద పడవకీ, అంటే పంటుకీ, అదే. బైకు మీద ఎక్కి కూర్చుంటాం కాబట్టి దానికీ అదే. కారు, ఆటో, చిన్న పడవకి గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. ఫారం "ఫిల్ ఇన్" లేదా "ఫిల్ అవుట్" చేస్తాం, ట్యాంకు "ఫిల్ అప్" చేస్తాం. "కోప్ అప్ విత్" లేదు, "కోప్ విత్" చాలు. "రివర్ట్ బ్యాక్" బదులు "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ". "లుక్ ఫార్వర్డ్ టు" తర్వాత "హియర్" కాదు, "హియరింగ్".

గల్ఫ్ ఉద్యోగాలకి పంపే బయోడేటాల్లో కనిపించేది "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019". మన దేశంలో చెల్లుతుంది, సైనిక శిక్షణ ముగింపుకి "పాసింగ్ అవుట్ పరేడ్" అనీ అంటారు. మిగతా చోట్ల పాస్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. ఇక్కడ తోకే వద్దు, "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019" అని రాయండి.