ఆర్14 పై బిట్ చూసి కాలర్ ఏమోడ్ తేల్చకండి

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ అసెంబ్లర్‌లో రాసిన పాత సబ్‌రొటీన్‌ని 64 బిట్ కాలర్లు (దాన్ని పిలిచే ప్రోగ్రాములు) కూడా పిలిచేలా మారుస్తున్నారా? అయితే ముందు దాని ఎంట్రీ కోడ్ తెరవండి. ఈమధ్య ఇలాంటి మార్పు వెళ్లిన వెంటనే ఒక బ్యాచ్ జాబ్ ఓసీ4 (మెమరీ యాక్సెస్ తప్పు)తో అబెండ్ అయింది, అంటే మధ్యలోనే ఆగిపోయింది. సబ్‌రొటీన్ తన పని సవ్యంగానే ముగించింది. కంట్రోల్ తిరిగొచ్చాక కాలర్ వాడిన మొదటి పాయింటర్ దగ్గరే పేలింది, అందుకే అందరూ కాలర్‌నే అనుమానించారు.

అసలు దోషి ఎంట్రీలోని ఎల్‌టీఆర్ 14,14, అంటే ఆర్14 (తిరిగి వెళ్లాల్సిన అడ్రస్ ఉండే రిజిస్టర్) పై బిట్‌ని పరీక్షించే ఇన్‌స్ట్రక్షన్. పై బిట్ 1 అయితే కాలర్ ఏమోడ్ (అడ్రస్ ఎన్ని బిట్లదో చెప్పే మోడ్) 31, 0 అయితే 24 అనే లెక్క. జనాన్ని ఇంతగా ముంచిన తప్పు నేనింకోటి చూడలేదు.

24లో ఉన్న కాలర్ బీఏఎల్ అనే కాల్ ఇన్‌స్ట్రక్షన్‌తో పిలిస్తే, ఆర్14 పై బైటులో ఇన్‌స్ట్రక్షన్ పొడవు కోడ్, కండిషన్ కోడ్, ప్రోగ్రామ్ మాస్క్ చేరతాయి. బీఏఎల్ నాలుగు బైట్లది, దాని పొడవు కోడ్ 10. అంటే ఆర్14లో 80012046 లాంటిది కనబడుతుంది. చూడ్డానికి అచ్చం 31 బిట్ రిటర్న్ అడ్రసే! దాని జోడీ బీఏఎల్‌ఆర్ రెండు బైట్లదే కాబట్టి దాని కోడ్ 01, పై బిట్ 0. అక్కడ పరీక్ష గట్టెక్కేస్తుంది, బగ్ ఏళ్ల తరబడి బయటపడదు.

64లో ఇంకా ఘోరం. బీఏఎస్‌ఆర్ అనే కాల్ ఇన్‌స్ట్రక్షన్ అక్కడ మోడ్ గుర్తేమీ పెట్టదు. కాలర్ 2 జీబీ కింద ఉంటే పై బిట్ 0, మీ పరీక్ష "24" అంటుంది. బీఎస్‌ఎం 0,14తో (ఆర్14లోని గుర్తును బట్టి మోడ్ మార్చి తిరిగి వెళ్లే ఇన్‌స్ట్రక్షన్) వెనక్కి వెళ్తే కాలర్ 24లో తేలుతుంది.

ప్రస్తుత మోడ్ ఏదో చెప్పే టీఏఎం ఇన్‌స్ట్రక్షన్ వాడండి. కండిషన్ కోడ్ 0 అంటే 24, 1 అంటే 31, 3 అంటే 64. బీఏఎల్‌ఆర్, బీఏఎస్‌ఆర్ మోడ్ మార్చవు కాబట్టి ఎంట్రీలో ఉన్న మోడే కాలర్ మోడ్.

31 బిట్ మోడ్‌కి మార్చే ఎస్‌ఏఎం31 కంటే ముందే టీఏఎం. తర్వాత వేస్తే మీ మోడే మీకు చెబుతుంది.

టీఏఎం వెంటనే బ్రాంచ్ చేయండి, కండిషన్ కోడ్ నిలవదు.

బీఎస్‌ఎం 0,14తోనే తిరిగి వెళ్లాలంటే, ఎంట్రీలో రిజిస్టర్లు సేవ్ చేసే ముందే బీఎస్‌ఎం 14,0 వేయండి. అది సరైన గుర్తు పెడుతుంది, బీఏఎల్ పెట్టిన దొంగ 1ని కూడా తుడిచేస్తుంది.

బీఏఎస్‌ఎస్‌ఎంతో (మోడ్ కూడా మార్చే కాల్ ఇన్‌స్ట్రక్షన్) పిలిచారా? బీఎస్‌ఎం 14,0 వేయొద్దు, టీఏఎం వేయొద్దు. కాలర్ మోడ్ అప్పటికే ఆర్14లో ఉంది, దాన్ని చెరపకండి.

లింక్‌తో (సిస్టమ్ ద్వారా పిలిచే మాక్రో) వచ్చారా? ఆర్14 కాలర్‌ది కాదు, సిస్టమ్‌ది. అందులో కాలర్ మోడ్ వెతకొద్దు.

ఆర్14 పై బిట్ పరీక్షించే ప్రతి ఎల్‌టీఆర్‌నీ, ప్రతి టీఎంనీ (బిట్లు పరీక్షించే ఇంకో ఇన్‌స్ట్రక్షన్) సోర్సులో వెతికి తీసేయండి. "ఇన్నాళ్లూ నడిచిందిగా" అన్న మాట వినొద్దు.

టెస్టులో బీఏఎల్‌తో పిలిచే 24 బిట్ కాలర్‌ని ఒకదాన్ని, 64 బిట్ కాలర్‌ని ఒకదాన్ని పెట్టండి. ఆ రెండూ నడవకుండా ప్రొడక్షన్‌కి పంపొద్దు.