హైదరాబాద్ మారథాన్‌కి వెళ్తున్నారా? జేబులో ఆ మాత్ర తీసేయండి

మారథాన్ మర్నాడు పేపర్లో ఓ మూల 'పరుగెడుతూ కుప్పకూలాడు' అని నాలుగు లైన్లు పడితే, "పాపం, గుండె ఆగిపోయిందట" అనుకుని పేజీ తిప్పేస్తాం. ముందురోజు ఒళ్లు వెచ్చగా ఉందా, పొద్దున్నే ఏం మింగాడు అని అడిగేవాళ్లుండరు. అడగాల్సింది అదే.

కొత్త షూ వద్దు, ముందురాత్రి బిర్యానీ వద్దు లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. చెప్పేది ఒక్కటే: మాత్ర మింగి స్టార్ట్ లైన్ దగ్గర నిలబడొద్దు.

నొప్పి మాత్ర

మోకాలు సలుపుతోందని ఐబుప్రోఫెన్ లేదా డైక్లోఫెనాక్ ఒకటి వేసుకుని బయల్దేరేవాళ్లు చాలామంది. 2010లో జర్మనీలోని బాన్ మారథాన్‌లో దాదాపు 4 వేల మందిని అడిగితే, సగానికి కాస్త తక్కువమంది పరుగుకు ముందే నొప్పి మాత్ర వేసుకున్నామన్నారు. వాళ్లలో ఆసుపత్రి పాలైనవారు 9 మంది. ముగ్గురికి కిడ్నీలు తాత్కాలికంగా పనిచెయ్యలేదు, నలుగురికి రక్తస్రావం, ఇద్దరికి గుండెపోటు. మాత్ర వేసుకోనివాళ్లలో ఒక్కరూ ఆసుపత్రికి వెళ్లలేదు.

కారణం ఇదీ. పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకీ, చల్లబడటానికి చర్మానికీ మళ్లుతుంది, కిడ్నీలకు తగ్గుతుంది. చెమటతో నీరు పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అప్పుడు కిడ్నీల రక్తనాళాలు మూసుకుపోకుండా తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు. నొప్పి మాత్ర ఆపేది సరిగ్గా వాటినే. పైగా నొప్పి తెలియదు కాబట్టి, 28వ కిలోమీటరు దగ్గర ఆగాల్సిన మోకాలు 42 దాకా నడుస్తుంది. తరవాత ఆర్నెల్లు మంచం దిగనివ్వదు.

జ్వరం మాత్ర

ఇది ఇంకా చెడ్డది. మన మారథాన్ ఆగస్టు చివర్లో. ఊరంతా వైరల్ జ్వరాలు, డెంగీ ఉండే రోజులవి. శుక్రవారం జ్వరం, శనివారం డోలో, ఆదివారం తెల్లారకముందే నెక్లెస్ రోడ్డు మీద హాజరు! "ఫీజు కట్టాం, బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) తెచ్చుకున్నాం, ఆర్నెల్లు కష్టపడ్డాం" అంటారు. మాత్ర థర్మామీటరు అంకెను దించుతుంది, వైరస్‌ని కాదు. ఆ వైరస్ గుండె కండరానికి వాపు తెచ్చి ఉంటే, నాలుగైదు గంటల పరుగులో గుండె లయ తప్పొచ్చు. జ్వరం ఒంటితో ఉక్కపోతలో పరుగెత్తితే వడదెబ్బ కూడా తొందరగా తగులుతుంది.

డెంగీలో ఇంకో మెలిక ఉంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయేది జ్వరం తగ్గే రోజుల్లోనే. "తగ్గిపోయిందిగా" అని ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్ వేసుకుంటే లోపల రక్తం కారే ప్రమాదం.

వట్టి జలుబు, ముక్కు కారడం అయితే చూసుకోవచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో కఫం, విరేచనాలు ఉంటే పరుగు లేదు. ముందు వారంలో జ్వరం వచ్చిందా, ఈ ఏడు మారథాన్ లేదు. మాత్ర మింగి నిలబడొద్దు.

నీళ్లు, ఉక్క

తెల్లవారుజామున 22, 23 డిగ్రీలే కదా అనిపిస్తుంది. గాలిలో తేమ 90 శాతం ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. చలికాలంలో తీసిన వేగం ఇక్కడ తియ్యకండి. అలాగని ప్రతి స్టాల్ దగ్గరా గ్లాసులు దించకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం (రక్తంలోని ఉప్పు) తగ్గి ఉంది. అందుకు పెద్ద కారణం నీళ్లు అతిగా తాగడమే. దాహమైతేనే తాగండి. పరుగు అయ్యాక బరువు పెరిగి ఉంటే అతిగా తాగారన్నమాట. నొప్పి మాత్ర ఒంట్లో ఉంటే మూత్రం తగ్గి, ఆ నీళ్లు లోపలే నిలుస్తాయి. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం.

ఇక వరసగా:

ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపండి, అరలీటరులో కాదు.

బిబ్ వెనక బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల నంబరు, వాడే మందులు రాయండి. బిబ్ ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరిదీ తీసుకోవద్దు. మీరు పడిపోతే డాక్టరు చూసేది వేరేవాళ్ల వివరాలు.

బీపీ, షుగర్ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. వారం ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఫ్లైఓవర్ దిగేటప్పుడు అంగలు సాచొద్దు. తొడలు అక్కడే చచ్చుబడతాయి.

ముగింపు దగ్గర గచ్చిబౌలి స్టేడియం కనబడగానే స్ప్రింట్ కొట్టొద్దు.

గీత దాటగానే కూలబడొద్దు. పది నిమిషాలు నడవండి. ఆగితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి.

పక్కవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా పరుగు ఆపి వలంటీరును పిలవండి. ఒళ్లు కాలుతుంటే అక్కడే ఐసు నీళ్లు పొయ్యండి, అంబులెన్స్ ఎక్కించడం తరవాత.

మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి.

పరుగయ్యాక కూడా, బాగా నీళ్లు తాగి మూత్రం తేటగా వచ్చేదాకా నొప్పి మాత్ర ముట్టొద్దు.

ఛాతీ బిగపట్టిందా, దవడ లాగుతోందా, ఎడమ చెయ్యి బరువెక్కిందా? ఆగండి. "గ్యాస్ అయ్యుంటుంది" అని ఆ మాత్ర కూడా మింగొద్దు.