సైనిక్ స్కూల్ పరీక్షలో మాటల రీజనింగ్: ఇంట్లో పిల్లలను సిద్ధం చేసే విధానం

ఆరో తరగతిలో చేరడానికి జరిగే అఖిల భారత సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్షలో 150 నిమిషాల్లో 125 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. వాటిలో 50 గణితానివి కాగా భాష, సామాన్య విజ్ఞానం, ఇంటెలిజెన్స్ విభాగాలకు తలా 25 ప్రశ్నలు ఉంటాయి. మొత్తం 300 మార్కుల్లో ఇంటెలిజెన్స్‌కు 50 మాత్రమే కావడంతో, కోరుకొండ, కలికిరి స్కూళ్ల మీద ఆశ పెట్టుకున్న చాలా ఇళ్లలో దాని వంతు గణితం పూర్తయిన తరువాత, చివరి నెలలో వస్తుంది. అది ఆలస్యమే. ఈ విభాగంలో మాటలతో నడిచే రీజనింగ్ ప్రశ్నలకు కావలసినది కారణాన్ని ఒక వాక్యంలో చెప్పగలిగే అలవాటు, ఆ అలవాటు రోజుకు ఇరవై నిమిషాల చొప్పున కొన్ని నెలలు కూర్చుంటేనే వస్తుంది. నవోదయ పరీక్షకు కూడా చదివిస్తున్నవారు ఒక సంగతి గమనించాలి: అక్కడి మానసిక సామర్థ్య విభాగంలోని 40 ప్రశ్నలూ బొమ్మల మీద వచ్చేవే కాబట్టి, ఆ పుస్తకం ఒక్కటే చేయిస్తే మాటల ప్రశ్నలకు సాధన జరగదు.

ముందుగా ప్రశ్నపత్రం ఏ భాషలో కావాలో తేల్చుకోండి. ఆరో తరగతి పరీక్షను తెలుగుతో సహా 13 భాషల్లో రాయవచ్చు. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం కదా అని, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు దరఖాస్తులో తెలుగు ఎంచుకునే తల్లిదండ్రులు ఉన్నారు. అయితే రీజనింగ్ ప్రశ్నల్లోని తెలుగు ఇంటి తెలుగు కాదు. ‘ఏకైక’, ‘భిన్నమైనది’, ‘సవ్య దిశ’, ‘అపసవ్య దిశ’ వంటి మాటలు తెలియకపోతే తెలివైన పిల్లవాడు కూడా ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. రెండు భాషల్లోనూ ఒక్కో నమూనా పత్రం రాయించి చూసిన తరువాతే నిర్ణయించడం మంచిది.

సాధనను పోలిక ప్రశ్నలతో మొదలుపెట్టండి, ఎందుకంటే మిగిలినవాటికి కావలసిన పద్ధతి అంతా అందులోనే అలవడుతుంది. ‘కుమ్మరికి కుండ ఎలాగో, నేత కార్మికుడికి ఏది?’ అని అడిగి మగ్గం, నూలు, బట్ట, రంగు అనే నాలుగు జవాబులు ఇచ్చారనుకుందాం. చాలామంది పిల్లలు మగ్గం అంటారు, ఎందుకంటే నేత అనగానే కళ్ల ముందు కదిలేది అదే. తప్పని వెంటనే చెప్పకుండా, మొదటి జంటను ఒక వాక్యంగా చెప్పమనండి. ‘కుమ్మరి దగ్గర కుండ ఉంటుంది’ అంటే ఆ వాక్యంలో మగ్గమూ నూలూ కూడా ఇముడుతాయి. ‘కుమ్మరి కుండను తయారుచేస్తాడు’ అన్నప్పుడు బట్ట ఒక్కటే నిలుస్తుంది. ఒకటి కంటే ఎక్కువ జవాబులు సరిపోతున్నాయంటే వాక్యం ఇంకా వదులుగా ఉందని, దాన్ని బిగించాలని పిల్లవాడికి అర్థమైతే సగం పని అయినట్టే.

భిన్నమైనదాన్ని గుర్తించే ప్రశ్నల్లో కూడా ఇదే వరస. కాకి, పిచ్చుక, చిలుక, గబ్బిలం ఇస్తే, పచ్చగా ఉంటుంది కాబట్టి చిలుక అంటారు పిల్లలు. ఆ కారణం అబద్ధం కాదు గనుక కొట్టిపారేయకూడదు. మిగిలిన మూడింటినీ కలిపే గుణం ఏమిటో చెప్పమని అడగండి. కాకిది, పిచ్చుకది, గబ్బిలానిది ఒకే రంగు కాదు. గబ్బిలాన్ని పక్కన పెడితే మాత్రం మిగిలిన మూడూ గుడ్లు పెట్టే పక్షులే.

రక్త సంబంధాల ప్రశ్నల్లో మన భాష పిల్లలకు ఒక మేలు, ఒక కీడు చేస్తుంది. ఇంగ్లీషులో అంకుల్ అనే ఒక్క మాటతో సరిపెట్టేచోట మనకు పెదనాన్న, బాబాయి, మేనమామ అని వేరువేరు పేర్లు ఉన్నాయి కాబట్టి, అమ్మ వైపో నాన్న వైపో మాటలోనే తెలిసిపోతుంది. కానీ ‘మామయ్య’ అన్నప్పుడు అమ్మ తమ్ముడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పెళ్లయినవారికి భార్య తండ్రో భర్త తండ్రో కూడా కావచ్చు. అందుకే వరసలను నోటితో లెక్కించనీయకుండా కాగితం మీద గీయించాలి: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పై తరం పైన, కింది తరం కింద. ‘అతడు మా అమ్మమ్మ ఏకైక కూతురి కొడుకు’ అని లత అంటే, అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టి కిందికి గీసుకుంటూ వస్తే, ఆ కూతురు లత తల్లేనని, అతడు లతకు సోదరుడని బొమ్మే చెబుతుంది. ఇక్కడ ‘ఏకైక’ అన్న మాటను చదవకుండా దాటేస్తే మొత్తం తప్పుతుంది.

దిక్కులను డాబా మీద సుద్దముక్కతో నేర్పండి. వాస్తు పుణ్యమా అని ఈశాన్యం, ఆగ్నేయం ఇంట్లో వినబడుతూనే ఉంటాయి, వాయవ్యం, నైరుతి మాత్రం పనిగట్టుకుని చెప్పాలి. ఉత్తరానికి 5 అడుగులు, కుడికి తిరిగి 3, మళ్లీ కుడికి తిరిగి 5 వేయిస్తే, బయలుదేరిన చోటుకు తూర్పుగా 3 అడుగుల దూరంలో తేలడం వాళ్లే చూస్తారు. ఒక మాటలోని అక్షరాలను అంకెలుగానో వేరే అక్షరాలుగానో మార్చి అడిగే కోడింగ్ ప్రశ్నలకు ఇంగ్లీషు అక్షరాల స్థానాలు వస్తే చాలు: ఈ, జే, ఓ, టీ, వై వరుసగా 5, 10, 15, 20, 25. అక్కడి నుంచి ముందుకో వెనక్కో లెక్కపెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ఓపిక కావలసినవి తీర్మానాల ప్రశ్నలు. ‘గులాబీలన్నీ పూలే. కొన్ని పూలు తెల్లనివి. కాబట్టి కొన్ని గులాబీలు తెల్లనివి.’ తెల్ల గులాబీని చూసిన పిల్లవాడు అవునంటాడు. లోకంలో అది నిజమే అయినా ఇచ్చిన రెండు వాక్యాల నుంచి తేలదు, ఎందుకంటే ఆ తెల్లని పూలన్నీ మల్లెలే కావచ్చు. పూలకు ఒక పెద్ద వృత్తం, లోపల గులాబీలకు ఒక చిన్న వృత్తం గీసి, తెల్లనివాటిని చిన్న వృత్తానికి బయట కూడా పెట్టవచ్చని చూపించండి.

తప్పులకు ఒక నోటుపుస్తకం విడిగా ఉంచి, ప్రతి తప్పు పక్కన అది మాట తెలియక జరిగిందా, తొందరలో జరిగిందా, కారణం వదులుగా ఉండి జరిగిందా అన్నది పిల్లవాడి చేతే రాయించండి. గడియారం పెట్టి రాయించడం చివరి రెండు నెలలకు చాలు, అప్పుడు ఈ 25 ప్రశ్నలకు సుమారు 20 నిమిషాలు కేటాయిస్తే గణితానికి వెసులుబాటు ఉంటుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలవద్దని, ఓఎంఆర్ పత్రంలో ప్రతి జవాబును అప్పటికప్పుడే నింపాలని నమూనా పరీక్షల నుంచే అలవాటు చేయండి.