సాయ్ నేర్చుకునేవాళ్ళకి: ముందు ఆపడం, తర్వాతే కొట్టడం
మన తిరుపతిలో కరాటేకి పోయే పిల్లలు బెల్టు కొంచెం ముదిరేసరికి సాయ్ కావాలంటారు, చూడడానికి చిన్న త్రిశూలం మాదిరి ఉంటది కాబట్టి పొడిచేదానికే అనుకుంటారు. అది కాదండీ. దానికి పదును ఉండదు, గుండ్రంగానో ఎనిమిది పలకలుగానో ఉండే ఇనుప కడ్డీ, పిడి దగ్గర రెండు కొమ్ములు, అంతే. ఇప్పుడు జపాన్‌లో ఉన్న ఒకినావా దీవులు ర్యూక్యూ రాజ్యంగా ఉన్నప్పుడు అక్కడి పోలీసులు నేరస్తుల్ని పట్టేదానికి, గుంపుల్ని అదుపు చేసేదానికి వాడేవాళ్ళు. విత్తనాలు నాటే పనిముట్టు నుంచి పుట్టిందని చానా మంది చెప్తారు గానీ నాకు నమ్మకం లేదు, ఆ దీవుల్లో ఇనుమే కరువు, పైగా ఇట్లాంటిదే ఇండోనేషియాలో, చైనాలో కూడా ఉంది, సముద్ర వ్యాపారంతో వచ్చిందంటేనే సబబు.

కొనేటప్పుడు కడ్డీని ముంజేతికి ఆనించి చూడండి, కొన మోచేయి దాటి రెండు మూడు సెంటీమీటర్లు రావాలి. పొట్టిదైతే దెబ్బ మోచేతి ఎముక మీదే పడతది.

ఇంక పట్టు. కడ్డీ ముంజేతి వెంబడి ఉండాలి, బొటనవేలు కొమ్ము కడ్డీని కలిసే మూల మీద, చూపుడువేలు పిడి వెంబడి చాపి, మిగతా మూడు వేళ్ళు కొమ్ము చుట్టూ. తిప్పేటప్పుడు ఆ మూడు వేళ్ళు వదులు చేస్తే కడ్డీ తన బరువుకే ముందుకి తిరుగుతది, అప్పుడు పిడి మీద వేళ్ళు మూసేయాలి. బొటనవేలు మాత్రం ఆ మూల వదలకూడదు, కొంచెం పైకి లేచినా ఎదుటివాడి కర్ర జారుకుంటా వచ్చి దాన్నే నలిపేస్తది. మన ఎండలకి చేతులు చెమట పడతాయి, పక్కన టవల్ పెట్టుకోండి.

తల మీదకి కర్ర వస్తే నేరుగా కొమ్ముల మధ్యలో పట్టాలని చూడొద్దు, అది సినిమాల్లో. పక్కకి అడుగేసి, ముంజేతి మీదున్న ఇనుముతో ఏటవాలుగా ఆపండి, ఇంకో చేతి సాయ్‌ని తిప్పి ఎదుటివాడి మణికట్టు మీద వేయండి. కొమ్ముతో బంధించేది కర్ర వేగం చచ్చినాకే: కడ్డీ మీద ఆగిన కర్ర కొమ్ము దాకా జారనిచ్చి మీ మణికట్టు మెలితిప్పితే ఇరుక్కుంటది.

కర్రసాము తెలిసినోళ్ళు ఎవరైనా ఉంటే మెల్లగా కొట్టమని అడగండి, అంతకన్నా మంచి జోడీ దొరకదు. మొదట్లో కర్రకి స్పాంజి చుట్టండి. ఇంకోటి, ప్రాక్టీసు నుంచి అటే కొండకి పోయేటట్లయితే సాయ్ ఇంట్లో పెట్టి పోండి, అలిపిరి చెకింగ్‌లో ఆయుధాలు పోనీరు.