క్వీన్స్ ఫార్మ్‌కి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

అక్టోబర్ వస్తోంది, గుమ్మడికాయల కాలం, న్యూయార్క్‌లో పిల్లలున్న వాళ్లందరి చూపూ క్వీన్స్ కౌంటీ ఫార్మ్ మ్యూజియం మీదే, అంటే జనం చూడటానికి తెరిచి ఉంచిన పాతకాలపు పొలం.

– ముందుగా ఆ రోజు ఈవెంట్ ఉందేమో చూడండి. మామూలు రోజుల్లో ప్రవేశం ఉచితం, ఈవెంట్ రోజున టికెట్ కొనాలి, ఇంటిల్లిపాదీ గేటు దాకా వెళ్లాక తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

– సబ్‌వే అక్కడిదాకా పోదు. దిగాక బస్సు ఎక్కాలి, టైమ్ చేతిలో ఉంచుకోండి.

– పాత బూట్లే వేసుకోండి. 1697 నాటి పొలం అది, 47 ఎకరాలు, వాన పడిన మర్నాడు మొక్కజొన్న చేలో అడుగు తీసి అడుగు వేస్తే బూటుకి ముద్దలు ముద్దలుగా మట్టి అంటుకుంటుంది.

– మేకలకి ఇంటి నుంచి అన్నం, బ్రెడ్ తెచ్చి పెట్టొద్దు. వాటికి కడుపుబ్బరం వస్తుంది, పాపం.

– పొలంలోనే ఉన్న 1772 నాటి పాత రైతు ఇల్లు, ఏడ్రియన్స్ ఇంటి లోపలికి ఎప్పుడు వెళ్లనిస్తారో ముందే కనుక్కోండి.